సిలోన్ వాత్తియారు, పిడికెడు మట్టి

బాలసుందరం రాసిన మొదటి పుస్తకాన్ని నేను తప్పులు పట్టడానికే చదివాను. చదవమన్నది మా కృష్ణసామి అన్న.

"తంబీ, ఊళ్ళో ఇంగ్లీషు పుస్తకం ముట్టేవాడివి నువ్వొక్కడివే. ఆ సిలోన్ వాత్తియారు ఏదో రాసినాడంట. మన మీద ఏమన్నా ఉండాదా చూడు. పేర్లు పెట్టకుండా రాసేవాళ్ళు ఉంటారు, జాగ్రత్తగా చూడు."

వాత్తియారంటే మా వైపు పంతులు. మాది పళనికి తూర్పున చిన్నమ్మవలసు. ఇంట్లో తెలుగు, వాకిలి దాటితే తమిళం. వీరచిన్నమ్మను కులదేవతగా కొలిచే ఇళ్ళన్నీ మాకు పంగాళీలు, అంటే దాయాదులు. ఆ గుడికి పెద్ద కృష్ణసామి అన్న.

పుస్తకమంతా వెతికాను. మా ఊరు లేదు. మా దేవత లేదు. ఉన్నదల్లా రెండు ప్రభుత్వాలు. సిలోన్ కొండల మీద తేయాకు తోటల్లో పనిచేసే మన మనుషులు ఎవరికి చెందాలి అని ఆ రెండూ కూర్చుని మాట్లాడుకున్న వైనం అది. ఇంతమంది మీకు, ఇంతమంది మాకు, మిగిలినవాళ్ళ సంగతి తర్వాత చూద్దాం అని పంచుకున్నారు. ఆ 'తర్వాత చూద్దాం' మీదే ఆయన ఒక అధ్యాయం రాశాడు. ఒప్పందం బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళలో తేయాకు గిల్లిన చెయ్యి ఒక్కటీ లేదని అందులో ఒక వాక్యం. ఆ వాక్యాన్ని నేను రెండోసారి చదివాను.

"మన గురించి ఏమీ లేదన్నా" అని వచ్చి చెప్పాను.

"ఏమీ లేదా?" కృష్ణసామి అన్న వక్కలాకు నమలడం ఆపాడు. "అదే సందేహంగా ఉండాది."

ఆయన సందేహానికి పాత కథ ఉంది. ఆ ఒప్పందం ప్రకారం పంపించేసిన కుటుంబాల్లో బాలసుందరం తండ్రి వెంకటసామి కుటుంబం ఒకటి. ఓడ దిగి, తిరిగొచ్చినవాళ్ళను ఉంచే మండపం క్యాంపులో ఉండి, ఒకరోజు బస్సెక్కి నేరుగా చిన్నమ్మవలసు గుడి ముందు దిగారు. వెంకటసామి, పెళ్ళీడుకొచ్చిన కూతురు రక్కమ్మాళ్, మీసాలు మొలుస్తున్న కొడుకు బాలసుందరం. కూతురి చేతిలో మూత బిగించిన ఇత్తడి చెంబు. అందులో మట్టి.

మాలో ఒక ఆచారం ఉంది. ఊరు విడిచి దూరం పోయేవాళ్ళు కులదేవత గుడి నుంచి పిడికెడు మట్టి మూటగట్టుకుని పోతారు. పోయిన చోట ఆ మట్టి పోసి దాని మీద రాయి నిలబెడితే అదే గుడి. దాన్ని పిడిమణ్ణు అంటాం. తిరిగి వస్తే ఆ మట్టిని తెచ్చి తల్లిగుడిలో కలపాలి. కలిపితే మళ్ళీ మనవాళ్ళు.

"మా తాత ఈ గుడి నుంచే పిడిమణ్ణు ఎత్తుకుని తోటకు పోయినాడు. తిరిగి తెచ్చినాము" అన్నాడు వెంకటసామి.

అప్పటి గుడిపెద్ద కృష్ణసామి అన్న తండ్రి. ఆయన వరసగా అడిగాడు. ఏ ఇల్లు? ఏ వీధి? తాతకు అన్నదమ్ములెవరు? ఏ పొలం దున్నేవాడు? వెంకటసామి ఒకదానికి జవాబు చెప్పాడు, ఇంకోదానికి తడబడ్డాడు, మూడోదానికి మొదట చెప్పింది మార్చాడు. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పంగాళి అని ఒప్పుకుంటే రేపు పొలంలో వాటా అడుగుతాడేమోనన్న భయం పైకి ఎవరూ అనలేదు గానీ అందరి మనసుల్లోనూ ఉంది. తాగడానికి నీళ్ళిచ్చారు, భోజనం పెట్టారు, మట్టి మాత్రం తీసుకోలేదు.

బాలసుందరం తర్వాత ఎప్పుడో నాతో అన్నాడు, తన చదువు ఆ రోజే మొదలైందని. "మా నాయన అబద్ధాలకోరు కాదు. క్యాంపులో ఆఫీసరు అడిగితే ఒకటి చెప్పినాడు, డాక్టరు అడిగితే ఇంకొకటి చెప్పినాడు, మీ ఊళ్ళో మరొకటి. అడిగేవాడి మొహం చూసి జవాబు పుడతాది. నేను పక్కన నిలబడి చూస్తా ఉన్నా. అప్పటి నుంచి ఎవరు ఏం చెప్పినా నాకు నమ్మబుద్ధి కాలే. మా నాయన్ని కూడా."

వాళ్ళు మదురైలో స్థిరపడ్డారు. తండ్రి నూలు మిల్లులో కూలి. కొడుకు పగలు బట్టల కొట్లో పనిచేసి సాయంత్రం కాలేజీలో చదివాడు. చరిత్రలో ఎమ్మే చేసి, పెద్ద చదువు చదివి, మదురైలోనే ఒక కాలేజీలో అధ్యాపకుడయ్యాడు. తమలాగే తిరిగొచ్చిన ఇంటి పిల్లను చేసుకున్నాడు.

రక్కమ్మాళ్‌కు మాత్రం పెళ్ళి కాలేదు. కారణం చిత్రంగా ఉంటుంది. చిన్నమ్మవలసు పంగాళీలమని వాళ్ళు చెప్పుకున్నారు గనుక ఆ దేవత ఇళ్ళవాళ్ళు చేసుకోకూడదు, వరస కాదు. పంగాళీలు కాదని మా ఊరు అన్నది గనుక, వేరే దేవతల ఇళ్ళవాళ్ళు ఏ గోత్రమో తెలియని పిల్ల అని వెనక్కి తగ్గారు. రెండు వైపులా తలుపులు మూసుకుపోయాయి. ఆమె తమ్ముడి ఇంట్లోనే ఉండిపోయింది, దేవుడి అలమరలో ఆ ఇత్తడి చెంబుతో పాటు.

నేను ఆ మొదటి పుస్తకంలో ఒక తప్పు పట్టాను. ఒక ఓడ పేరు రెండు చోట్ల రెండు రకాలుగా ఉంది. ఉత్తరం రాశాను. జవాబు కార్డు వచ్చింది. ధన్యవాదాలు చెప్పి, కింద ఒక ప్రశ్న అడిగాడు: "మీరు చిన్నమ్మవలసు వారు. ఈ పుస్తకం చదవమని మీకు ఎవరు చెప్పారు?"

అలా మొదలైంది మా పరిచయం. మదురైకి ఆస్పత్రి పని మీదో కోర్టు పని మీదో పోయినప్పుడల్లా ఆయన ఇంటికి వెళ్ళేవాణ్ణి. ఆయనకు నా మీద అనుమానం పూర్తిగా పోయిందని చెప్పలేను. నాకూ ఆయన మీద పోలేదు. కాఫీ ఇచ్చేవాడు, కబుర్లు చెప్పేవాడు, మధ్యలో "ఇది మీ కృష్ణసామి అన్నకు చెప్తారా?" అని అడిగేవాడు. చెప్తానని నిజమే చెప్పేవాణ్ణి. "సరి, అయితే సరిగ్గా చెప్పండి" అనేవాడు.

రెండో పుస్తకం బర్మా నుంచి నడిచి వచ్చినవాళ్ళ గురించి. అక్కడ వదిలేసిన ఇళ్ళకూ కొట్లకూ పరిహారం ఇస్తామని జరిగిన మాటలు ఎట్లా సాగి సాగి ఇంకిపోయాయో రాశాడు. అంతకుముందు మొదటి పుస్తకం కోసం ఢిల్లీలో పాత ఫైళ్ళు చూడబోతే అక్కడివాళ్ళు "పుట్టింది ఎక్కడ?" అని అడిగారట. సిలోన్ అనగానే కొన్ని ఫైళ్ళు దొరకలేదు. కొలంబో పోతే అక్కడ "ఉండేది ఎక్కడ?" అని అడిగారట. ఇండియా అనగానే అక్కడా కొన్ని దొరకలేదు. "రెండు చోట్లా దొరకనివి ఒకే సంవత్సరంవి. దాన్నిబట్టే ఆ సంవత్సరం ఏదో జరిగిందని తెలుసుకున్నా" అని నవ్వాడు.

క్లాసులో ఆయన మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటేనట. ఈ మాట చెప్పినవాడికి ఏం లాభం? రెండో ప్రశ్న, చెప్పినందువల్ల నష్టపోయాడా? లాభం కోసం చెప్పినదాన్ని రెండుసార్లు చూడు, నష్టమొచ్చినా చెప్పినదాన్ని ఒకసారి చూస్తే చాలు. పిల్లలు ఆయన్ని ఆటపట్టించేవారు. "సార్ దగ్గర 'ప్రెజెంట్ సార్' అన్నా, దానివల్ల నీకేం లాభమని అడుగుతాడు" అనుకునేవారు.

తొంభైలలో, అక్కడి యుద్ధం వల్ల సిలోన్ అన్న మాటే భయంగా ఉన్న రోజుల్లో పోలీసులు ఆయన ఇంటికి వచ్చి మేడ మీది పుస్తకాలన్నీ తిరగేసిపోయారు. ఏమీ దొరకలేదు. ఈ కబురు మా ఊరు చేరాక కృష్ణసామి అన్న నన్ను పిలిచి, "ఏమీ దొరకలేదా? చూసినావా, ఎంత గట్టివాడో" అన్నాడు.

మూడో పుస్తకం నాకిష్టమైనది. పొరుగు దేశాల రాయబారులు ఒకరి మాటను ఒకరు ఎట్లా శంకించుకుంటారో అదంతా చిన్న చిన్న సంగతులుగా రాశాడు. ఒక రాయబారి ఇంకో రాయబారికి మామిడిపండ్ల బుట్ట పంపిస్తాడు. దీని అర్థమేమిటి, ఇప్పుడెందుకు, ఇన్నే ఎందుకు అని రెండోవాడు తన వాళ్ళతో చర్చించి చర్చించి పై అధికారులకు రాసి జవాబు వచ్చేసరికి పండ్లు కుళ్ళిపోతాయి. పుస్తకం పెద్దగా అమ్ముడుపోలేదు. ఉద్యోగ విరమణ రోజున కాలేజీలో శాలువా కప్పినప్పుడు కూడా ఆయన అసలు జరీయేనా అని దాని అంచు పట్టి చూశాడని ఆయన కూతురు దర్శిని చెప్పి నవ్వింది. దర్శిని కోయంబత్తూరులో మట్టి పరీక్షలు చేసే కేంద్రంలో ఉద్యోగం చేస్తుంది.

గత ఏడాది మా గుడి తిరగ్గట్టడం మొదలైంది. పాత రాయిని పక్కకు జరిపి, దేవతను తాత్కాలికంగా పందిట్లో కూర్చోబెట్టి పునాది గుంట తవ్వారు. కుంభాభిషేకానికి ఒక మలర్ వెయ్యాలన్నారు. ఫొటోలతో, దాతల పేర్లతో, ఊరి చరిత్రతో వేసే పుస్తకం అది. పక్క ఊరి గుడివాళ్ళు వేసిన మలర్‌లో చరిత్ర రాసింది ఎవరో డాక్టరేటు ఉన్నాయన. అది చూసినప్పటి నుంచి కృష్ణసామి అన్నకు నిద్ర లేదు.

"తంబీ, మదురై పో. ఆ వాత్తియారును రాయమని అడుగు. ప్రొఫెసర్, డాక్టర్ అన్నీ పేరు ముందర పడాల" అన్నాడు.

"ఏమిటి, ఆయన్నా?"

"చరిత్ర రాసేవాడు వేరే ఎవరు ఉండారు మనకు?" అని, ఆ 'మనకు' తన నోటి నుంచే వచ్చిందని తెలిసి తడబడ్డాడు. "మనకు తెలిసినవాడు అని చెప్తున్నా. పో."

మదురైలో తలుపు తీసింది రక్కమ్మాళ్. ఎనభైకి దగ్గరపడింది. సన్నగా, నిటారుగా ఉంటుంది. "రా తంబీ" అంది. తమ్ముడి వరస పెట్టి నన్ను పిలిచే మనిషి ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. నేను కృష్ణసామి అన్నకు తమ్ముడి వరస గనుక, ఆ ఒక్క పిలుపులోనే ఆమె తన వాదం ముగించేసేది.

విషయం విన్నాక బాలసుందరం కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "కృష్ణసామి అన్నకు దీంట్లో ఏం లాభం?"

"పేరు" అన్నాను.

"పేరు కోసం యాభై ఏళ్ళ పగ విడుస్తాడా? వేరే ఏదో ఉండాది."

"ఏమీ లేదప్పా. పక్కూరి మలర్‌లో డాక్టరు ఉన్నాడు, అంతే."

వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న రక్కమ్మాళ్ ముందుకొచ్చింది. "సుందరం, నువ్వు రాయి. రాసినదానికి వాళ్ళు మన పిడిమణ్ణు తీసుకోవాల. గుంట తవ్వి ఉండారు. మూసేస్తే మళ్ళీ ఎప్పుడు తవ్వుతారు? నేను ఉంటానా?"

"అక్కా, ఇది బేరం."

"నువ్వు రాసిన పుస్తకాలన్నీ బేరాలే కదా రా. ఎవరెవరో చేసిన బేరాలు రాసినావు, మనకోసం ఒకటి చెయ్యి." ఆమె నా వైపు తిరిగింది. "తంబీ, నీకు చెప్తా విను. నాకు గుడిలో కుర్చీ వద్దు, మలర్‌లో ఫొటో వద్దు. నాకు పెళ్ళి లేదు, బిడ్డలు లేరు. నేను పోతే దర్శిని వచ్చి ఏడుస్తాది, సరి. అయితే మైల పట్టేదానికి ఎవరు ఉండారు? నాలుగిళ్ళలో పొయ్యి ఆపి, రక్కమ్మాళ్ పోయింది, మాకు మైల అని చెప్పేవాళ్ళు కావాల. కుక్క చస్తే పట్టరు మైల. మనిషి చస్తేనే పడతారు."

బాలసుందరం తల వంచుకుని అద్దాలు తుడుస్తూనే ఉన్నాడు.

ఊరు చూడటానికి ఆయన తర్వాతి వారం వచ్చాడు. గుడిపెద్దను "కృష్ణసామి అన్నా" అని పలకరించాడు. "వాంగ వాత్తియారే" అని రమ్మన్నాడు గుడిపెద్ద. 'అన్నా' అన్న పిలుపుకు 'తంబీ' అన్న జవాబు ఆ రోజూ రాలేదు. కృష్ణసామి అన్న ఆయన్ని పందిట్లో కూర్చోబెట్టి మా కథ చెప్పాడు. ఉత్తరాన రాజుల సైన్యంలో మా పెద్దలు దళపతులు. శత్రువులు తరిమితే దక్షిణానికి బయలుదేరారు. దారిలో నది పొంగింది. అమ్మ కలలో చెప్పినట్టు ఒడ్డున ఉన్న చెట్లు వంగి వంతెనైతే దాటారు. అమ్మ గుడి నుంచి తెచ్చిన పిడిమణ్ణు ఇక్కడ పోసి రాయి నిలబెట్టారు.

"ఏ నది అన్నా?"

"పెద్ద నది."

"ఏ రాజు?"

"రాజుకు పేరు కావాల్నా? రాజు అంటే రాజు. మీ పుస్తకాల్లో ఉంటాది, చూసి వేసుకోండి."

"చెట్లు వంగినది ఎవరు చూసినారు?"

కృష్ణసామి అన్న మొహం ఎర్రబడింది. "దాటినవాళ్ళు చూసినారు."

తర్వాత బాలసుందరం పునాది గుంట అంచున కూర్చుని లోపలికి చూశాడు. కిందంతా మా పొలాల్లో ఉండే నల్లరేగడి. లేవబోతూ చెయ్యి ఆనించి, ఒక చిటికెడు మట్టి తీసి చేతిరుమాలులో పెట్టుకున్నాడు. ఎవరూ చూడలేదనుకున్నాడు. కృష్ణసామి అన్న చూశాడు. నన్ను పక్కకు లాగి, "తీసినాడు, చూసినావా? కూతురు మట్టి పరీక్ష చేసే చోట ఉండాదంట. ఏదో చేస్తా ఉండాడు" అన్నాడు.

మలర్ రాత వినడానికి పంగాళీలందరం ఒక ఆదివారం పందిట్లో చేరాం. రక్కమ్మాళ్ కూడా వచ్చింది, ఒళ్ళో ఇత్తడి చెంబు పెట్టుకుని ఆడవాళ్ళ వైపు కూర్చుంది. తమ్ముడు ఏం చెప్పబోతున్నాడో ఆమెకు తెలుసుననే నేననుకున్నాను. తెలియదని తర్వాత అర్థమైంది.

బాలసుందరం తమిళంలో రాసింది చదివాడు. బాగుంది. నది ఉంది, చెట్లు ఉన్నాయి, వంతెన ఉంది. అయితే మొదట్లోనే, ఇది ఈ ఊరి పెద్దలు చెప్పుకునే కథ, దీనికి వేరే ఆధారం తనకు దొరకలేదు అని ఉంది.

"అది తీసేయండి" అన్నాడు కృష్ణసామి అన్న.

"తీసేస్తే అది నేను చూసినట్టు అవుతాది అన్నా."

"మీ పేరు వేసేది ఏంటికి మరి? డాక్టరు చెప్తే నిజమని అందరూ నమ్మాలనే కదా! మాకు లేదు సందేహం. మీకు ఏంటికి?" ఆయన గొంతు తగ్గించాడు. "వాత్తియారే, మీకు కావాల్సింది ఏమో నాకు తెలుసు. ఆ మాట కొట్టేయండి. మీ అక్క చెంబు ఇప్పుడే గుంటలో పోయిస్తా."

రక్కమ్మాళ్ చెంబు మూత మీద చెయ్యి వేసింది. నాకు ఆయన మూడు పుస్తకాలూ గుర్తొచ్చాయి. వాటిలో ఎక్కడా ఒక నోట విన్నదాన్ని ఆయన తన మాటగా రాయలేదు. అక్క వైపు చూశాడు. కలం జేబులో నుంచి తీశాడు. కొట్టేస్తాడనే అనుకున్నాను.

"కొట్టేసే ముందర ఒకటి చెప్పాల" అన్నాడు. "మా చెంబులో మట్టి నేను పరీక్ష చేయించినాను. దర్శిని దగ్గర ఇచ్చినా. మీ నేలది కాదు అది. కొండల మీది ఎర్రమట్టి. తేయాకు తోటల మట్టి."

ఎవరో "అయ్యో సామీ" అన్నారు. రక్కమ్మాళ్ నోరు తెరిచి తమ్ముడి వైపు చూసింది. "ఏరా? నాకు తెలీకుండా చెంబు తెరిచినావా?"

"తెరిచినా అక్కా."

"మన వీరచిన్నమ్మనే సందేహించినావా?"

ఆయన కలం మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"అప్పుడే చెప్పినా!" వెనక నుంచి ఎవరో అరిచారు. కృష్ణసామి అన్న చెయ్యెత్తి వాళ్ళను ఆపాడు. ఆయన మొహంలో గెలిచిన సంతోషం కనబడాల్సింది. కనబడలేదు. బాలసుందరం చెప్పినదాన్ని పుచ్చు కోసం వక్కను తిప్పి చూసినట్టు మనసులో తిప్పుతున్నాడు.

"ఆగండి. దీంట్లో ఏదో ఉండాది" అన్నాడు. "నల్లమట్టి అని వచ్చింది అని చెప్పి ఉంటే నేను నమ్మేవాణ్ణా? నమ్మను. కూతురు పనిచేసే చోట ఏమని కావాలన్నా రాయించుకుంటాడు అంటాను. ఎర్రమట్టి అని చెప్తా ఉండాడు. ఎవడన్నా అడక్కుండా తన కొంప తానే ఆర్పుకుంటాడా? ఇప్పుడు నేను ఏమని సందేహించేది?"

"సందేహించకుండా ఉండి చూడు అన్నా, ఒకసారి" అన్నాన్నేను. కొందరు నవ్వారు.

ఆయన నవ్వలేదు. "ఆ రోజు గుంటలో నుంచి ఒక చిటికెడు తీసినారు మీరు. నేను చూసినా. అది కూడా పరీక్షకు పోయిందా?"

"లేదన్నా. అక్కకు ఇచ్చినా. మీరు ఒప్పుకోకపోతే అదన్నా దగ్గర ఉంటాదని."

రక్కమ్మాళ్ లేచింది. కోపం ఇంకా తమ్ముడి మీదే ఉంది, మాటలు మాత్రం మా అందరితో. "ఎర్రమట్టి కాక ఏముంటాది దాంట్లో? తోటలో కూలీలుండే మా లయం ఇళ్ళ వెనక అమ్మ రాయి. ప్రతి ఆడి నెలా వాన కొట్టి గుంట పడతాది. మా అవ్వ ఒక గంప మట్టి పోస్తాది, మా అమ్మ ఒక గంప పోస్తాది, నేను కూడా పోసినా. అమ్మ కాళ్ళ కింద గుంట పెట్టుకుని ఊరుకుంటారా ఎవరన్నా? మీరు ఊరుకున్నారా? నది దాటి తెచ్చిన మట్టి మీ గుంటలో ఏదీ? చూపించండి. అంతా మీ పొలం మట్టే కదా ఉండాది. దాని కింద ఎక్కడో ఉండాదని కదా మీరు మొక్కుతారు? మాదీ అంతే."

ఆడవాళ్ళలో ఒక పెద్దామె, "నిజమే, పోయిన ఏడు నేను కూడా రెండు గంపలు పోసినా" అంది.

ఆ తర్వాత జరిగినదాన్ని బాలసుందరం అయితే చర్చలు అని రాసి ఉండేవాడు. పొద్దు వాలేదాకా సాగాయి. కృష్ణసామి అన్న పక్కకు పోయి ఇద్దరు ముగ్గురితో మాట్లాడి వచ్చాడు, మళ్ళీ పోయాడు. అమ్మ పీఠం కింద పొయ్యడానికి ఆయన ఒప్పుకోలేదు. గుడి బయట కాపలా కాసే కరుప్పణ్ణసామి కాళ్ళ దగ్గర పొయ్యవచ్చు. మలర్‌లో ఆధారం దొరకలేదన్న ఆ మాట ఉంటుంది. అయితే కథ కింద 'చెప్పినవారు కృష్ణసామి' అని పెద్ద అక్షరాల్లో, 'విని రాసినవారు ప్రొఫెసర్ డాక్టర్ బాలసుందరం' అని దాని కింద ఉండాలి. తన పేరు పైన పడటం ఆయనకు బాగా నచ్చిందని మొహం చూస్తే తెలిసింది.

"మైల సంగతి?" అంది రక్కమ్మాళ్.

"అది అప్పుడు చూద్దాంలే."

"అప్పుడంటే ఎప్పుడు? నేను చచ్చినాకనా? నేను చూసేది ఎట్ల?"

పందిరంతా నవ్వింది. ఈసారి కృష్ణసామి అన్న కూడా ఆపుకోలేకపోయాడు. మళ్ళీ వెంటనే ముఖం బిగించుకుని, దూరపు దాయాదులకు పట్టే చిన్నమైల పడతాం, దగ్గరివాళ్ళకు పట్టే పెద్దమైల కాదు అని అందరి ముందరా చెప్పాడు. అంతకు మించి ఇవ్వనన్నాడు. బాలసుందరం ఏదో అనబోతే రక్కమ్మాళ్ ఆపింది.

"చిన్నదైనా మైలే. ఒప్పుకున్నా" అంది.

కుంభాభిషేకం రోజు నాదస్వరం హోరులో ఆమె కరుప్పణ్ణసామి ముందు వంగి చెంబు వంచింది. నల్లనేల మీద ఎర్రమట్టి పడింది, ఇటుకపొడిలాగా. కృష్ణసామి అన్న దగ్గరే నిలబడి చివరి దాకా చూశాడు. "అంతేనా?" అని అడిగాడు. "అంతే" అంది ఆమె. తర్వాత కాలితో చుట్టూ నల్లమట్టి జరిపి ఆయనే కప్పాడు.

సాయంత్రం వాళ్ళిద్దరినీ మదురై బస్సెక్కించడానికి వెళ్ళి, దారిలో పని ఉండి నేనూ కొంతదూరం అదే బస్సులో పోయాను. రక్కమ్మాళ్ కిటికీ పక్కన కూర్చుని కొంగు ముడి విప్పింది. అందులో ఎర్రమట్టి. చెంబులోదానిలో సగం ఉంటుంది.

"అక్కా!" బాలసుందరం ఉలిక్కిపడ్డాడు. "అంతా పొయ్యలేదా నువ్వు?"

"వాళ్ళు అంతా ఇచ్చినారా? సగం మైల ఇచ్చినారు, సగం మట్టి పోసినా."

"ఒప్పుకున్నావు కదా అందరి ముందర."

"మైలకు ఒప్పుకున్నా. మట్టి ఎంత అని ఎవరు అడిగినారు?" ఆమె బస్సులో ఎవరూ వినకుండా గొంతు తగ్గించింది. "రేపు ఎవడన్నా వచ్చి దాన్ని తవ్వి పారేస్తే? ఒకసారి పొమ్మన్నవాళ్ళు ఇంకోసారి అనరని ఏం నమ్మకం? నీకు తెలుసా? అంత పెద్ద పుస్తకాలు రాసినావే, దాంట్లో ఉండాదా?"

ఆయన "లేదు" అన్నాడు.

రక్కమ్మాళ్ నడుములో నుంచి చిన్న కుంకుమ భరిణ తీసింది. అందులో మా పునాది గుంటలోని చిటికెడు నల్లమట్టి. దాన్ని కొంగులోని ఎర్రమట్టిలో వేసి, వేలితో బాగా కలిపింది. ఏది ఏదో తెలియకుండా అయ్యేదాకా కలిపి, మళ్ళీ గట్టిగా ముడి వేసింది.

"దర్శినికి చెప్పు" అంది. "ఇప్పుడు ఇది ఎవరిదో పరీక్ష చేసి చెప్పమను, చూద్దాం."